కాయ చిన్నరసమే, తోట ఎవరిది?

కాయ కోతకి కూలీల్ని పెట్టి చెట్టు కింద మంచం వాల్చుకున్న రైతులకీ, వంటింట్లో రేడియో పెట్టుకుని పని చేసుకుంటున్న అమ్మలకీ, షెడ్డులో కాయ ఏరుతూ ఓ చెవి ఇటు వేసిన వాళ్ళకీ, అందరికీ నమస్కారం.

ఇవాళ ఒక్క సంగతి చెప్పడానికి వచ్చాను. ముందే చెప్పేస్తాను. మీ ఒంట్లోంచి ఎప్పుడైనా గడ్డ తీసి, ముక్క పరీక్షకి పంపి ఉంటే ఆ రిపోర్టు పారేయకండి. పదేళ్లయినా, ఇరవై ఏళ్లయినా పారేయకండి. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పాత గడ్డ సంగతి ఆయన అడక్కపోయినా చెప్పండి. ఇంతే నేను చెప్పేది. ఎందుకు చెప్పాలో వివరించడానికే మిగతా టైమంతా.

నేను పేథాలజీ డాక్టర్ని. మీరు ఓపీలో చూసే డాక్టర్ని కాను. సర్జన్ గారు తీసిన ముక్క మా దగ్గరికి వస్తుంది. దాన్ని మైనంలో పెట్టి, పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తాం. ఇది క్యాన్సరా, కాదా, అయితే ఏ రకం అని చెప్పేది మేమే. ముక్క మాతో మాట్లాడుతుంది గానీ మనిషి మాట్లాడడు. అందుకే ఆ మనిషి కథ కాగితం మీద రాసి పంపండి అని అందర్నీ బతిమాలుతూ ఉంటాం.

ఒక పెద్దమనిషిని అనుకుందాం. చాట్రాయి వైపు మామిడి రైతు. వయసు అరవైకి దగ్గర. రెండు నెలలుగా దగ్గు. ముందు టీబీ ఏమో అనుకున్నారు. కళ్ళె పరీక్షలో టీబీ లేదు. సీటీ స్కాన్ తీస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ గుండ్రటి మచ్చలు. సూది వేసి ముక్క తీశారు. రిపోర్టు వచ్చింది. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అని ఉంది. పేరు పెద్దది, ఇంకోసారి నెమ్మదిగా చెప్తాను. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా. గ్రంథుల్లో పుట్టే ఒక అరుదైన క్యాన్సర్. ఇక్కణ్ణించి దాన్ని గ్రంథి క్యాన్సర్ అంటాను, వినడానికి తేలిగ్గా ఉంటుంది.

ఇంట్లో వాళ్ళు ఏమనుకుంటారు? నాన్నగారికి లంగ్ క్యాన్సర్ వచ్చిందనుకుంటారు. ఊపిరితిత్తుల్లో కనపడింది కాబట్టి ఊపిరితిత్తుల క్యాన్సరే అనుకోవడం సహజం. కానీ డాక్టర్ ఇంకో ప్రశ్న అడుగుతాడు. ఇది ఊపిరితిత్తుల్లోనే పుట్టిందా? ఎక్కడో పుట్టి ఇక్కడికి పాకిందా?

ఈ ప్రశ్నకి జవాబు దొరికితేనే వైద్యం దారిన పడుతుంది. మళ్ళీ చెప్తున్నాను. కంతి ఎక్కడ కనపడింది అన్నది ఒక సంగతి. ఎక్కడ పుట్టింది అన్నది వేరే సంగతి.

మన మామిడి సంగతే తీసుకుందాం. నున్న మార్కెట్లో ఒక గుట్ట పోసి ఉంది. మీరు కాయ చేతిలోకి తీసుకుంటారు. ముక్కు చూస్తారు, తొడిమ దగ్గర వాసన చూస్తారు. చిన్నరసం అని చెప్పేస్తారు. బంగినపల్లినీ కలెక్టర్నీ కళ్ళు మూసుకుని అయినా విడదీస్తారు. రకం చెప్పడం మీకు కష్టం కాదు. ఆ కాయని రైల్లో వేసి ఢిల్లీ పంపినా అది చిన్నరసమే. ఢిల్లీలో దొరికింది కాబట్టి ఢిల్లీ మామిడి అయిపోదు.

క్యాన్సర్‌కి కూడా ఇంతవరకూ ఇదే లెక్క. పేగులో పుట్టిన క్యాన్సర్ కాలేయానికి పాకితే, కాలేయంలో ఉన్నది పేగు క్యాన్సరే. దానికి పేగు క్యాన్సర్ మందులే వాడతారు. రొమ్ములో పుట్టి ఎముకకి పాకితే అది ఎముక క్యాన్సర్ కాదు, రొమ్ము క్యాన్సరే. ఇలాంటి వాటిని మేం చాలావరకు ముక్క చూసే పట్టుకుంటాం. కొన్ని ప్రత్యేకమైన రంగులు ఉన్నాయి. ఊపిరితిత్తుల కణాలు ఎక్కువగా ఒక రంగు పట్టుకుంటాయి, పేగు కణాలు ఇంకోటి పట్టుకుంటాయి. దాన్నిబట్టి ఇది ఫలానా చోటి నుంచి వచ్చి ఉండాలి అని రాసి పంపుతాం.

ఈ గ్రంథి క్యాన్సర్ దగ్గరే చిక్కు. ఇక్కడ మా రంగులు సగం దూరమే తీసుకెళ్తాయి.

గుట్టలో చిన్నరసం ఉంది. రకం చెప్పేశారు. ఇప్పుడు నేనడుగుతాను. ఈ కాయ ఆగిరిపల్లి తోటదా, ముసునూరు తోటదా, తిరువూరు నుంచి వచ్చిందా? కాయ చూసి చెప్పగలరా? ఎంత తలపండిన వ్యాపారైనా ఒట్టు వేసి చెప్పలేడు. ఎందుకంటే అదే చిన్నరసం అన్ని ఊళ్ళలోనూ కాస్తుంది. లోడుతో వచ్చిన చీటీ చూస్తే తెలుస్తుంది. చీటీ లేకపోతే కాయ ఎంత తిప్పి చూసినా లాభం లేదు.

గ్రంథి క్యాన్సర్ అచ్చం అలాంటిదే. అది ఒక్క చోట పుట్టేది కాదు. ఎక్కువగా లాలాజల గ్రంథుల్లో పుడుతుంది. గవదబిళ్ళలు వచ్చినప్పుడు చెవి కింద వాస్తుంది చూడండి, అదే పెద్ద లాలాజల గ్రంథి. దవడ కింద ఇంకోటి ఉంది. నాలుక కింద ఒకటి. ఇవి కాక నోట్లో, అంగిలి మీద, పెదవుల లోపల, గొంతులో కంటికి కనపడనంత చిన్న గ్రంథులు వందల్లో ఉంటాయి. అంగిలి మీది ఆ చిన్న గ్రంథుల్లో ఈ క్యాన్సర్ పుట్టడం మేం తరచూ చూసేదే. కన్నీటి గ్రంథిలోనూ పుడుతుంది. రొమ్ములోనూ పుడుతుంది. గాలిగొట్టం గోడలో, ఊపిరితిత్తుల పెద్ద గొట్టాల గోడల్లో చిన్నచిన్న జిగురు గ్రంథులు ఉంటాయి. వాటిలోనూ పుడుతుంది. ఎక్కడ పుట్టినా మైక్రోస్కోపు కింద ఒకే రూపం. కణాలు గుంపులు కట్టి, మధ్యలో గుండ్రటి ఖాళీలు వదులుతూ, జల్లెడలాగా కనపడతాయి. రెండు రకాల కణాలు కలిసి ఉంటాయి. ఒకసారి చూసినవాడు మర్చిపోలేడు. చూడటానికి అందంగా కూడా ఉంటుంది, ఆ మాట అనకూడదు గానీ.

జన్యు పరీక్ష చేస్తే తేలదా అని చదువుకున్న శ్రోతలు అడుగుతారు. మంచి ప్రశ్న. 2009లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం ఒక సంగతి కనిపెట్టింది. ఈ క్యాన్సర్ కణాల్లో చాలాసార్లు ఆరో క్రోమోజోమ్ ముక్కా, తొమ్మిదో క్రోమోజోమ్ ముక్కా ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ఎమ్‌వైబీ అనే జన్యువు, ఎన్‌ఎఫ్‌ఐబీ అనే జన్యువు కలిసిపోయి ఒకటవుతాయి. ఆ పరీక్ష రకం తేల్చడానికి బాగా ఉపయోగపడుతుంది. కానీ ఆ అతుకు చెవి కింద పుట్టిన దాంట్లోనూ ఉంటుంది, రొమ్ములో పుట్టిన దాంట్లోనూ ఉంటుంది, గాలిగొట్టంలో పుట్టిన దాంట్లోనూ ఉంటుంది. రకం తెలిసింది. తోట తెలియలేదు. ఖర్చు పెట్టి ఆ పరీక్ష ఒక్కటీ చేయిస్తే అంతా తేలిపోతుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి.

మరి ఎలా తేలుస్తారు? మొదట స్కాన్ చూస్తారు. ఊపిరితిత్తుల్లోనే పుట్టినదైతే మామూలుగా ఒక్కటే కంతి ఉంటుంది. అదీ మధ్యలో, గాలిగొట్టాన్నో పెద్ద గొట్టాన్నో పట్టుకుని ఉంటుంది. గాలి వెళ్ళే దారి ఇరుకవుతుంది కాబట్టి పిల్లికూతలు వస్తాయి, ఆయాసం వస్తుంది. ఆస్తమా అనుకుని నెలల తరబడి పఫ్ వాడిన వాళ్ళు ఉంటారు. వేరే చోట నుంచి పాకి వచ్చినదైతే ఎక్కువగా రెండు వైపులా, ఊపిరితిత్తుల అంచుల్లో, గుండ్రంగా, ఒకటికి మించి కనపడుతుంది. దానికి చాలాకాలం దగ్గు కూడా ఉండదు. ఇంకెందుకో తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది.

కానీ స్కాన్ కూడా ఒట్టు వేసి చెప్పదు. పాకి వచ్చింది కూడా ఒక్కోసారి ఒక్కటే మచ్చగా ఉంటుంది. అప్పుడు డాక్టర్ నోరు తెరిపించి అంగిలి చూస్తాడు. చెవి కింద, దవడ కింద తడుముతాడు. ముక్కులోకి, గొంతులోకి గొట్టం వేసి చూస్తారు. తలకీ మెడకీ ఎమ్మారై తీస్తారు. దగ్గని వస్తే నోట్లో టార్చిలైటు వేస్తారేమిటి అని విసుక్కోకండి. మరెక్కడా కంతి లేదని చూసుకున్నాకే ఊపిరితిత్తుల్లో పుట్టిందని రాయాలి.

వీటన్నిటికంటే ముందు రావలసింది మీ నోటి మాట. అది ఎలా తప్పిపోతుందో చెప్తాను. డాక్టర్ అడుగుతాడు.

“ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్లు అయ్యాయాండీ?”

“అబ్బే, ఏం లేవండీ. బీపీ మాత్ర వేసుకుంటాను, అంతే.”

పక్కనున్న కోడలికి గుర్తొస్తుంది. “అదేంటి మావయ్యగారూ, మా పెళ్ళికి ముందు చెవి కింద గడ్డ తీయించుకున్నారని అత్తయ్యగారు చెప్పేవారుగా?”

“అదా? అదెప్పటి మాటమ్మా! చిన్న గడ్డ. తీసేశారు, పోయింది. దీనికీ దానికీ ఏం సంబంధం?”

సంబంధమంతా అక్కడే ఉంది. ఆ పెద్దాయన తప్పేమీ లేదు. పదిహేనేళ్ల నాటి గడ్డ ఇవాళ ఊపిరితిత్తుల్లో లేస్తుందని ఎవరనుకుంటారు? చాలా క్యాన్సర్లకి ఐదేళ్లు గడిస్తే గండం గడిచినట్టేనని ధైర్యం చెబుతాం. ఈ గ్రంథి క్యాన్సర్‌కి ఆ లెక్క చెల్లదు. ఇది నెమ్మదిగా పెరుగుతుంది. నరాల వెంట పాకుతుంది. రక్తంలో పడి ఊపిరితిత్తుల్లో చేరి, ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. పదేళ్లకి, పదిహేనేళ్లకి, అంతకంటే ఆలస్యంగా కూడా బయటపడుతుంది. దూరం పాకినప్పుడు ఎక్కువసార్లు చేరేది ఊపిరితిత్తులకే. ఆ తర్వాత ఎముకలు, కాలేయం. మెడలోని లింఫు గ్రంథులకి వెళ్ళడం తక్కువ. అందువల్ల మెడలో బిళ్ళలేవీ తగలడం లేదని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఊపిరితిత్తులే ఎందుకు? ఒక కారణం తేలిగ్గా అర్థమవుతుంది. ఒంట్లో చాలా భాగం నుంచి తిరిగొచ్చే రక్తం గుండె కుడివైపు చేరి, అక్కణ్ణించి నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అక్కడి రక్తనాళాలు వెంట్రుక కంటే సన్నం. కొట్టుకొచ్చిన కణం అక్కడ చిక్కుకుంటుంది. కానీ చిక్కుకున్న ప్రతి కణమూ మొలవదు. లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ 1889లోనే ఈ మాట రాశాడు. క్యాన్సర్ కణం విత్తనం, అవయవం నేల, రెండూ కుదిరితేనే మొలక అన్నాడు. మన రైతుకి ఆ మాట కొత్తగా అనిపించదు. ఆస్పత్రుల వాళ్ళం మేమే దాన్ని ఇప్పటికీ పూర్తిగా విడమర్చుకోలేదు.

సరే. ఇక్కడ పుట్టిందో, అక్కణ్ణించి వచ్చిందో తేలితే ఒరిగేదేమిటి? రెండూ క్యాన్సరేగా అంటారా? చాలా తేడా ఉంది.

గాలిగొట్టంలోనే పుట్టి, అక్కడికే పరిమితమై ఉంటే మొత్తం తీసేయడానికి సర్జన్ ప్రయత్నిస్తాడు. పాడైన ముక్క కోసేసి, గొట్టం రెండు కొసలూ కలిపి కుట్టేస్తారు. తర్వాత అవసరాన్నిబట్టి రేడియేషన్ ఇస్తారు. పూర్తిగా నయం చేయాలన్న పట్టుదలతో చేసే వైద్యం అది. అదే చెవి కింద నుంచి పాకి వచ్చినదైతే లెక్క మారుతుంది. ఒకటో రెండో మచ్చలుంటే, నెమ్మదిగా పెరుగుతుంటే వాటిని తీసేయొచ్చు. ఎక్కువ ఉంటే, మనిషి హాయిగా తిరుగుతుంటే, ఏ మందూ ఇవ్వకుండా కొన్ని నెలలకోసారి స్కాన్ తీసి చూడటం కూడా వైద్యమే. ఈ మాట చెబితే ఇంట్లో వాళ్ళకి కోపం వస్తుంది. క్యాన్సరని చెప్పి ఊరికే కూర్చోమంటారేమిటని ఇంకో ఆస్పత్రికి పరిగెడతారు. అక్కడ ఎవరైనా మామూలు లంగ్ క్యాన్సర్ అనుకుని కీమో మొదలుపెడితే? ఈ రకం మీద మామూలు కీమో పెద్దగా పనిచేయదు. జుట్టు పోతుంది, ఓపిక పోతుంది, డబ్బు పోతుంది. మచ్చలు మాత్రం అలాగే ఉంటాయి. పెరుగుదల జోరందుకున్నప్పుడు దాన్ని కొంతకాలం నిలబెట్టే మాత్రలు ఉన్నాయి. అవి ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా పాత స్కాన్లు పక్కన పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. రకం ఒకటే అయినా పుట్టిన చోటునిబట్టి గుణం మారుతుంది. రొమ్ములో పుట్టిన గ్రంథి క్యాన్సర్ చాలా సాధువు. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి కూడా ఉండదు. హార్మోన్ పరీక్షల్లో అది ట్రిపుల్ నెగెటివ్ అని వస్తుంది. ఆ మాట వినగానే జనం భయపడిపోతారు, ఎందుకంటే ఆ పేరున్నవి మామూలుగా మొండివి. ఇది మాత్రం ఎక్కువమందిలో ఆపరేషన్‌తో సర్దుకుంటుంది. అదే రూపంతో లాలాజల గ్రంథిలో పుట్టింది అంత మెత్తనిది కాదు. ఏ తోటలో పుట్టిందో తెలియాలని మేం పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

ఇటు నుంచి అటు పొరబాటు కూడా జరుగుతుంది. పాత గడ్డ ఉన్న మనిషికి ఊపిరితిత్తుల్లో మచ్చ కనపడగానే పాకిందని తేల్చేయకూడదు. టీబీ కావచ్చు. మన దగ్గర టీబీ తక్కువేం కాదు. చుట్టలు కాల్చే మనిషైతే కొత్తగా మామూలు లంగ్ క్యాన్సరే వచ్చి ఉండొచ్చు. కాబట్టి ముక్క పరీక్ష తప్పదు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన ఊళ్ళలో బాగా ఉంది. ఆ భయంతో పరీక్ష మానుకుని చెట్టుమందుకి వెళ్ళి ఆలస్యం చేసుకున్న వాళ్ళ ముక్కలు నేను చూస్తూనే ఉన్నాను. డాక్టర్ చేయాల్సిన పద్ధతిలో చేస్తే ముక్క పరీక్షతో వచ్చే నష్టం చాలా తక్కువ. మానేస్తే వచ్చే నష్టమే ఎక్కువ.

చుట్ట మాట వచ్చింది కాబట్టి ఇదొక్కటీ చెప్పి ముందుకెళ్తాను. విశాఖ, శ్రీకాకుళం వైపు కొందరు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని మన ఆంధ్ర డాక్టర్లే ఏనాడో నిరూపించారు. అది వేరే రకం, అంగిలి పైపొరలో పుట్టేది. ఇవాళ మనం చెప్పుకుంటున్న గ్రంథి క్యాన్సర్‌కి పొగాకుతో అలాంటి గట్టి సంబంధం కనపడలేదు. చుట్ట ముట్టని వాళ్ళకీ వస్తుంది. నేను ఏ అలవాటూ లేని మనిషిని, నాకెందుకొస్తుందని అంగిలి మీది గడ్డని వదిలేయకండి. నొప్పి లేకపోయినా చూపించండి. ముఖంలో ఒక పక్క తిమ్మిరిగా ఉన్నా, మూతి ఒక పక్కకి లాగుతున్నా ఇంకా తొందరగా చూపించండి. నరం పట్టిందేమో చూడాలి.

ఇది చాలా అరుదైన రోగం. తల, మెడ భాగంలో వచ్చే క్యాన్సర్లన్నిటిలో నూటికి ఒకటి, అంతే. వింటున్న మీలో ఎవరూ రాత్రంతా మెలకువగా కూర్చుని చెవి కింద తడుముకోవక్కర్లేదు. చెవి కింద గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. కానీ కాగితాలు దాచమని నేను చెప్పేది ఈ ఒక్క రోగానికే కాదు, ఏ గడ్డకైనా పనికొస్తుంది.

ఏం దాచాలి? మొదటిది, ముక్క పరీక్ష రిపోర్టు. పేథాలజీ రిపోర్టు అనీ బయాప్సీ రిపోర్టు అనీ ఉంటుంది. దాని మీద ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు ఉంటే మైనం ముక్క ఏ అరలో ఉందో ల్యాబు వాళ్ళు వెతికి తీయగలరు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితం కూడా దాచండి. ఎన్టీఆర్ వైద్య సేవలో చేయించుకున్నా, డబ్బు కట్టి చేయించుకున్నా ఆ కాగితం ఇస్తారు. రేడియేషన్ ఇచ్చి ఉంటే ఎంత ఇచ్చారో రాసిన కాగితం మరీ ముఖ్యం. ఒకసారి ఇచ్చిన చోట మళ్ళీ ఇవ్వాలంటే ఆ లెక్క కావాలి.

రెండోది చాలామందికి తెలియదు. మీ కంతి ముక్క మైనం దిమ్మలో ల్యాబులో ఉంటుంది. దాన్ని బ్లాక్ అంటాం. గాజు పలక మీద ఉన్నదాన్ని స్లైడ్ అంటాం. ల్యాబులు వాటిని శాశ్వతంగా దాచవు. చోటు చాలదు. కొన్నేళ్లకి తీసేస్తాయి. ఈ గ్రంథి క్యాన్సరేమో పదిహేనేళ్లకి తిరిగొస్తుంది. అందుకని అలాంటి రిపోర్టు వచ్చినవాళ్ళు బ్లాకులు మాకు ఇవ్వండని అడిగి తీసుకోవచ్చు. సంతకం పెట్టించుకుని ఇస్తారు. ఇంట్లో ఎండ తగలని చల్లటి చోట, డబ్బాలో పెట్టుకుంటే ఏళ్ల తరబడి బాగుంటాయి. మన ఎండాకాలంలో రేకుల షెడ్డులో మాత్రం పెట్టకండి, మైనం మెత్తబడుతుంది.

పాత స్లైడూ కొత్త స్లైడూ పక్కపక్కన పెట్టి చూసే వీలు దొరికితే మా పని ఎంత తేలికవుతుందో చెప్పలేను. రెండిట్లోనూ అదే జల్లెడ రూపం, అవే కణాలు ఉంటే, స్కాన్ కూడా అదే చెబుతుంటే, అది పాకి వచ్చిందని ధైర్యంగా రాస్తాం. పాతది లేకపోతే, కావచ్చు, కాకపోవచ్చు అని రాస్తాం. ఆ కావచ్చు మీద మీ వైద్యం ఆధారపడి ఉంటుంది.

కాగితాలు చెదలు తింటాయంటారా? ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. పిల్లలకి పంపండి. ఆభా ఆరోగ్య ఖాతా నంబరు తీసుకున్న వాళ్ళు అందులో ఎక్కించుకోండి. తోట కౌలు కాగితాలు పెట్టే పెట్టెలోనే ఈ రిపోర్టు కూడా పెట్టండి. దాని మీద ఏ సంవత్సరం, ఏ ఊరు, ఒంట్లో ఏ చోటు అని పెద్ద అక్షరాలతో రాయండి. ఆ సంగతి మీ ఒక్కరికే కాదు, ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. ఇందాకటి కోడలుపిల్ల లాంటి వాళ్ళు ఒకరు ఉండాలి.

ఇవాళ ఇంటికెళ్ళి, ఇంట్లో ఉన్నవాళ్ళైతే ఇప్పుడే లేచి, అమ్మకో నాన్నకో ఎప్పుడైనా గడ్డ తీశారా అని అడగండి. తీసి ఉంటే ఆ రిపోర్టు ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి వెళ్ళి నకలు అడగండి. ఆ ఆపరేషన్ ఎంత పాతదైతే అంత త్వరగా వెళ్ళండి.